డేవిడ్ లిండ్లీ గురించి మాట్లాడుకునేవాళ్ళు ఉన్నారా? (ల్యాప్ స్టీల్ పిచ్చోళ్ళు కూడా రండి)

రాత్రి_రేడియో:
నిన్న రాత్రి నిద్ర పట్టక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అమెరికన్ గాయకుడు జాక్సన్ బ్రౌన్ "రన్నింగ్ ఆన్ ఎంప్టీ" వేసుకున్నా. ఎన్నోసారో లెక్కలేదు. కానీ ఈసారి పాటని పక్కన పెట్టేసి, వెనకాల కాస్త ఏడుస్తున్నట్టూ కాస్త నవ్వుతున్నట్టూ ఉండే ఆ ఒక్క వాయిద్యం వెంటే పడ్డా. పాడేవాడు లైను ముగించి ఊపిరి తీసుకునే సందులో దూరుతుంది, అతను మళ్ళీ నోరు తెరిచేసరికి తప్పుకుంటుంది, సోలో వచ్చినప్పుడు మాత్రం ఇక నన్ను ఆపేదెవడు అన్నట్టు లేస్తుంది. అది డేవిడ్ లిండ్లీ వాయించిన ల్యాప్ స్టీల్. 1977 టూర్‌లో జనం ముందు రికార్డు చేసింది, స్టూడియోలో కూర్చుని పదిసార్లు దిద్దుకున్నది కాదు.

ఆయన 2023 మార్చి 3న పోయాడు, 78 ఏళ్ళు. అప్పుడు మనలో ఒక్కళ్ళం కూడా పోస్టు పెట్టలేదని ఇప్పుడు వెతికితే తెలిసింది. సిగ్గేసింది, అందుకే ఈ థ్రెడ్. టాప్ టెన్ లిస్టులు వద్దు ప్లీజ్, మీ చెవి ఎక్కడ ఆగిపోయిందో ఆ ఒక్క చోటు చెప్పండి చాలు.

పాత_క్యాసెట్:
నాకు "దీస్ డేస్". 1973 "ఫర్ ఎవ్రీమ్యాన్" ఆల్బమ్‌లో ఉన్నది. ఆ పాట బ్రౌన్ పదహారేళ్ళ వయసులో రాశాడంటారు, పదహారేళ్ళవాడికి అంత పశ్చాత్తాపం ఎక్కడిదో దేవుడికే తెలియాలి. అయితే పాటని నిజంగా పెద్దవాణ్ణి చేసింది లిండ్లీ స్లయిడ్. అప్పటికి ఆయనకి 29 ఏళ్ళు, వింటే జీవితమంతా అయిపోయినవాడు తీరిగ్గా వెనక్కి చూసుకుంటున్నట్టు ఉంటుంది. స్వరం మీదకి నేరుగా రాడు, కింద నుంచి మెల్లగా పాకి వచ్చి, అందుకుని, అక్కడ ఒక్క క్షణం వణికి వదిలేస్తాడు.

కొత్త_వేళ్ళు:
మధ్యలో వస్తున్నా ఏమనుకోకండి, నేను గిటార్ మొదలుపెట్టి ఏడాది కూడా కాలేదు. ల్యాప్ స్టీల్ అంటే స్లయిడ్ గిటారే కదా? వేలికి గాజు గొట్టం తొడుక్కుని వాయిస్తారే, అదేనా లేక వేరేనా

మెట్లులేనివీణ:
దగ్గరి చుట్టాలే గానీ ఒకటి కాదు తమ్ముడూ. గొట్టం తొడుక్కున్నప్పుడు గిటార్ మామూలుగానే పట్టుకుంటావు, ఒక వేలికి గొట్టం, మిగతా వేళ్ళు ఖాళీ, కావాలంటే వాటితో కార్డులు (కలిపి మోగే స్వరాలు) నొక్కుకోవచ్చు. ల్యాప్ స్టీల్ అయితే ఒళ్ళో పడుకోబెడతావు, తీగలు పైకి చూస్తుంటాయి, ఎడమ చేత్తో బరువైన ఉక్కు కడ్డీ పట్టుకుని తీగల మీద ఆనించి జరుపుతావు, అంతే. వేలితో నొక్కడమన్నది లేదు, ఎందుకంటే తీగలు పలక నుంచి అంత ఎత్తులో ఉంటాయి, మెట్ల స్థానంలో ఉత్త గీతలుంటాయి, అవి కంటికి గుర్తే గానీ వేలికి ఆసరా కాదు. గోటువాద్యం చూసినవాళ్ళకి ఇదంతా చెప్పక్కర్లేదు, అక్కడా మెట్లు లేవు, అక్కడా జరపడమే, మనవాళ్ళు జారు అనే గమకమే దానికి ప్రాణం.

పుట్టిల్లు హవాయి. ఓహు దీవిలో లాయె అనే ఊరి కుర్రాడు జోసెఫ్ కెకుకు 1880ల చివర్లో గిటార్ తీగల మీద ఇనుప ముక్క జరిపి ఈ పద్ధతి కనిపెట్టాడని చెప్తారు. తర్వాత 1915లో శాన్ ఫ్రాన్సిస్కో ఎక్స్‌పొజిషన్‌లో హవాయి సంగీతం విని అమెరికా మొత్తం వెర్రెత్తిపోయింది. ఇంకో సంగతి చాలామంది గిటారిస్టులకి తెలీదు, చెప్తే ఒప్పుకోరు కూడా: కంపెనీ తయారు చేసి అమ్మిన ఎలక్ట్రిక్ గిటార్లలో మొదటిది ల్యాప్ స్టీలే. రికెన్‌బ్యాకర్ వాళ్ళది, 1932లో వచ్చింది, అల్యూమినియంతో పోతపోసిన గుండ్రటి బాడీ, పొడుగు మెడ, చూడ్డానికి పెనంలా ఉంటుందని అందరూ ఫ్రయింగ్ పాన్ అనేవాళ్ళు. ఇవాళ మనం భుజానికి తగిలించుకుని పోజులిచ్చేవన్నీ దాని తమ్ముళ్ళే.

కొత్త_వేళ్ళు:
వామ్మో. థాంక్స్ అన్నా. మెట్లు లేకపోతే శ్రుతి ఎలా నిలబడుతుంది మరి

మెట్లులేనివీణ:
నిలబడదు. అదే కదా మజా.

స్పీడ్_బ్రేకర్:
పార్టీ పాడుచేస్తున్నా, సారీ. లిండ్లీ మంచి వాద్యగాడే, కాదనను. కానీ గిటార్, ల్యాప్ స్టీల్, ఫిడేల్, బాంజో, మాండొలిన్, అటు అరబ్బు, టర్కీ, గ్రీసు వైపు తీగ వాయిద్యాలు ఊద్, సాజ్, బుజూకీ... ఇన్ని వాయించేవాళ్ళ మీద నాకెప్పుడూ ఒక డౌటే. అన్నీ వచ్చినవాడికి ఏదీ పూర్తిగా రాదంటారు. ఆయన గిటార్ సోలోలు రాసుకుని చూస్తే అందులో కష్టమైనవి ఎన్నున్నాయి చెప్పండి? వేగం లేదు, పెద్ద పెద్ద స్కేళ్ళు లేవు. ఇవాళ పదిహేనేళ్ళ పిల్లలు దానికి పది రెట్లు వాయిస్తున్నారు.

రాత్రి_రేడియో:
బ్రో, ఈ పోస్టు కోసమే ఎదురుచూస్తున్నా 😄

ముందు బాంజో సంగతి. లాస్ ఏంజెలెస్ దగ్గర టొపాంగాలో బాంజో, ఫిడేల్ పోటీ జరిగేది, కుర్రాడిగా ఉన్నప్పుడే అది ఐదుసార్లు గెలిచాడు. ఏదీ పూర్తిగా రానివాడు ఐదుసార్లు గెలవడు కదా. తర్వాత 1966లో కెలైడోస్కోప్ అని బ్యాండ్ పెట్టారు, అందులో సాలమన్ ఫెల్ట్‌హౌస్ అనే ఆయన టర్కీ వైపు సంగీతం పట్టుకొచ్చాడు, దాంతో ఒకే రికార్డులో బ్లూస్, పల్లెటూరి ఫిడేల్, ఊద్, రాక్ అన్నీ కలిసిపోయాయి. రేడియోవాళ్ళకి దాన్ని ఏ అరలో పెట్టాలో తెలీలేదు, రికార్డులు అమ్ముడుపోలేదు. 1967లో లెనార్డ్ కోహెన్ మొదటి ఆల్బమ్‌లో కూడా వీళ్ళు వాయించారు, కవరు మీద పేరు మాత్రం లేదు. ఆ బ్యాండ్ ఆగిపోయాక ఇంగ్లండ్ వెళ్ళి గాయకుడు టెర్రీ రీడ్‌తో కొన్నాళ్ళు వాయించాడు, తిరిగొచ్చాకే బ్రౌన్ దగ్గర చేరాడు.

నేను చెప్పొచ్చేదేంటంటే అన్ని వాయిద్యాలు పట్టుకున్నా ఆ చెయ్యి మారలేదు. "లేట్ ఫర్ ద స్కై" 1974 ఆల్బమ్ తీసుకో, గిటారూ ఆయనే, స్లయిడూ ఆయనే, చివరి పాట "బిఫోర్ ద డెల్యూజ్"లో ఫిడేలూ ఆయనే. కళ్ళు మూసుకుని వింటే ముగ్గురు కాదు, ఒక్కడే మూడు గొంతులు మార్చుకుంటున్నట్టుంటుంది. కమాను పట్టిన చేతికి స్వరాన్ని సాగదీయడం అలవాటు, ఆ అలవాటే ఉక్కు కడ్డీలోకి వచ్చిందని నా నమ్మకం. ప్రూఫ్ అడక్కు.

బేస్_బాబాయ్:
స్పీడ్ తమ్ముడి పోస్టు చూశాక నా కథ చెప్పాలనిపించింది, కొంచెం పొడుగు, ఓపిక లేనివాళ్ళు దాటేయండి.

బేస్ గిటార్‌కి రాకముందు నేను రెండేళ్ళు ల్యాప్ స్టీల్ వాయించా. ఒక గాయని బ్యాండ్‌లో చోటు దొరికింది. చేతికి కొత్త బొమ్మ దొరికిన రోజులు కదా, ఆవిడ పాడుతున్నంతసేపూ నేను వెనకాల ఊళ పెడుతూనే ఉన్నా, ఒక్క ఖాళీ వదల్లేదు, ఆవిడ రాగం తీస్తే నేను దాని మీద ఇంకో రాగం, ఆవిడ ఆగితే నేను అక్కడా దూరడం. మూడో పాటలో ఆవిడ పాడుతూ పాడుతూ వెనక్కి తిరిగి నావైపు చూసింది. ఏమీ అనలేదు. పాట అయిపోయాక మైకు చేతితో మూసి "నువ్వు పాడతావా, నేను కూర్చుంటాను" అంది. ఇరవై ఏళ్ళయింది, ఇప్పటికీ చెవిలో ఉంది ఆ మాట.

అప్పుడు ఎవరో చెప్తే "రన్నింగ్ ఆన్ ఎంప్టీ" తెచ్చుకుని విన్నా. మన కచేరీల్లో పక్కవాద్యం అంటాం చూడండి, ఫిడేల్ విద్వాంసుడు గాయకుడి సంగతిని పట్టుకుని, దాని తోక మాత్రం అందుకుని, తిరిగి ఆయనకే అప్పజెప్తాడే, సరిగ్గా అదే చేస్తున్నాడు లిండ్లీ. బ్రౌన్ గొంతు పెద్ద ఎత్తుకి వెళ్ళే గొంతు కాదు, మాట్లాడుతున్నట్టు పాడతాడు, ఎక్కడైతే ఆ గొంతు ఇక పైకి పోలేదో అక్కడ నుంచి ల్యాప్ స్టీల్ ఆ మాటని తీసుకెళ్తుంది. స్పీడూ, నువ్వు సోలోలు రాసుకుని చూడమన్నావు. సోలోలు కాదు, సోలోలు కానివి రాసుకుని చూడు. ఎక్కడ ఆగాడో, ఎన్ని బార్లు (తాళం ఆవర్తాలు) ఊరికే కూర్చున్నాడో రాయి. అది పదిహేనేళ్ళ పిల్లలకి రాదు, నాకు రాలేదు, ఇప్పటికీ వచ్చిందో లేదో అనుమానమే, అందుకే బేస్‌కి మారిపోయా (బేస్‌వాళ్ళు కొట్టకండి).

పాత_క్యాసెట్:
"నువ్వు పాడతావా, నేను కూర్చుంటాను" 😂😂 బాబాయ్ దీన్ని ఫ్రేము కట్టించి ప్రతి రిహార్సల్ రూములో పెట్టాలి

టోన్_పిచ్చి:
అందరూ భావుకత్వంలో ఉన్నారు గానీ ఒక్కరూ ఆంప్ (యాంప్లిఫయర్) గురించి మాట్లాడరేం? ఆ సౌండ్‌లో సగం డంబుల్ ఆంప్‌ది. అలెగ్జాండర్ డంబుల్ ఒక్కొక్కటి చేత్తో కట్టిచ్చినవి, మొత్తం కట్టినవే చాలా తక్కువ, లిండ్లీ వాటికి బాగా పేరున్న కస్టమర్. ల్యాప్ స్టీల్ స్వరం ఎందుకు అంతసేపు సాగుతుందనుకున్నారు? కడ్డీ బరువు ఒకటి, పాత రికెన్‌బ్యాకర్‌లో గుర్రపు నాడా ఆకారంలో అయస్కాంతాలు తీగల చుట్టూ తిరిగి ఉంటాయి, అదొకటి, ఆ పైన ఆంప్ వాల్వులు మెల్లగా నలుగుతూ స్వరాన్ని పట్టుకుని ఉంచుతాయి. ఈ మూడూ లేకుండా ఆ సోలో లేదు. నేను అదే సౌండ్ కోసం ఐదు పెడళ్ళు (సౌండ్ మార్చడానికి కాలితో నొక్కేవి) మార్చా.

రాత్రి_రేడియో:
ఐదు మార్చాక వచ్చిందా మరి?

టోన్_పిచ్చి:
...ఆరోది ఆర్డర్ పెట్టా

బేస్_బాబాయ్:
😄😄 టోన్ చెప్పినదాంట్లో తప్పేం లేదులే, ఆంప్ ముఖ్యమే. కానీ అదే మనిషికి కేటలాగుల్లో అమ్మే చవక సిల్వర్‌టోన్ గిటార్లన్నా, జపాన్ నుంచొచ్చిన టైస్కోలన్నా పిచ్చి ప్రేమ. ఎవరూ ముట్టుకోని వాటిని ఏరికోరి వాయించేవాడు. డబ్బున్నవాళ్ళ టోన్ కాదది, చెవున్నవాడి టోన్.

పాత_క్యాసెట్:
ఆయన చొక్కాలు మర్చిపోయారు మీరంతా! ఒంటి మీద రంగులు గొడవ పడుతున్నట్టుండే పాలియెస్టర్ చొక్కాలు, ప్రిన్స్ ఆఫ్ పాలియెస్టర్ అని పిలిచేవాళ్ళు, భుజాల దాకా జుట్టు, చెంపల మీద ఇంతింత గడ్డం. ఇంత గంభీరంగా ఏడిపించే మనిషి వేషం చూస్తే సర్కసు నుంచి తప్పించుకొచ్చినట్టుంటాడు. ఆ సరదా గొంతులో కూడా ఉంది. అదే 1977 ఆల్బమ్ ఆఖర్లో "స్టే" ఉందిగా, మొదట బ్రౌన్ పాడతాడు, తర్వాత రోజ్‌మేరీ బట్లర్ అందుకుంటుంది, ఆమె కంటే పైకి ఇంకెవరు వెళ్తారులే అనుకుంటుండగా లిండ్లీ ఆ సన్నటి దొంగగొంతుతో దూకుతాడు. మొదటిసారి విన్నప్పుడు ఆడమనిషే అనుకున్నా. దానికి ముందు "ద లోడ్ ఔట్"లో అదే మనిషి ల్యాప్ స్టీల్‌తో గుండె పిండేసి ఉంటాడు, రెండు నిమిషాల్లో నవ్విస్తాడు.

సొంతంగా ఆయన ఆల్బమ్ "ఎల్ రాయో ఎక్స్" 1981లో వచ్చింది. "మెర్క్యురీ బ్లూస్" అందులోదే, కె.సి. డగ్లస్ పాత పాట, అందులో ల్యాప్ స్టీల్ ఎంత మొరటుగా ఉంటుందంటే సైలెన్సర్ లేని బండి స్టార్ట్ చేసినట్టు. బ్రౌన్ దగ్గర అంత మెత్తగా వాయించిన చెయ్యేనా ఇది అనిపిస్తుంది. మిగతా పాటల్లో రెగ్గే (జమైకా తరహా సంగీతం) ఎక్కువ, అది నచ్చేవాళ్ళకి నచ్చుతుంది.

స్పీడ్_బ్రేకర్:
నచ్చలేదు. రెగ్గే విషయంలో నన్ను ఒప్పించాలని చూడకండి.

కొత్త_వేళ్ళు:
అన్నలూ ఒక ఘనకార్యం చేశా. మూలన పడున్న పాత అకౌస్టిక్ గిటార్‌కి మెడ చివర తీగల కింద పెట్టే ఎత్తు ముక్క వేశా (నట్ ఎక్స్‌టెండర్ అంటారట), తీగలు పైకి లేచాయి, ఒక స్టీల్ బార్ తెచ్చుకున్నా. ఓపెన్ ఈ అనే శ్రుతి గురించి ఎక్కడో చదివి తీగలు బిగిస్తుంటే మూడో తీగ ఠప్పున తెగి చెంప మీద కొట్టింది. ఇంకో తీగ వేసి మళ్ళీ మొదలుపెడితే ఇప్పుడు ప్రతి స్వరం కొంచెం కిందే పలుకుతోంది, పైగా కడ్డీ కదిపినప్పుడల్లా వెనకాల ఏదో గజగజ మోత. పిల్లి తోక తొక్కినట్టుంది. ఏం చెయ్యాలి

మెట్లులేనివీణ:
చెంప బాగుందా ముందు? సరే, ఒక్కొక్కటిగా చెప్తా.

ఓపెన్ ఈ అంటే మామూలు శ్రుతి నుంచి మూడు తీగల్ని పైకి లాగాలి, ఐదూ నాలుగూ రెండేసి మెట్లు, మూడోది ఒక మెట్టు. పాత అకౌస్టిక్ మీద, అదీ పాత తీగలతో, అంత లాగడం రిస్కు. దానికి బదులు ఓపెన్ డి పెట్టుకో, మారే నాలుగు తీగలూ కిందకే దిగుతాయి, ఏదీ తెగదు. రెండింటిలోనూ లెక్క ఒకటే, ఆరో తీగ నుంచి మొదటి తీగ దాకా మన భాషలో స ప స గ ప స. ఆ గాంధారం మూడో తీగ మీద ఉంటుంది, అది అంతర గాంధారం, అందుకే కడ్డీ ఎక్కడ అడ్డంగా పెట్టినా మేజర్ కార్డే వస్తుంది. మైనర్ కావాలా, మూడో తీగ జోలికి పోకుండా మిగతావి మీటు, మైనర్ అన్నది విన్నవాడి మనసే పూరించుకుంటుంది.

కింద ఎందుకు పలుకుతోందంటే నువ్వు ఇంకా గిటారిస్టులానే చేస్తున్నావు. మామూలు గిటార్‌లో వేలు మెట్టుకి కాస్త వెనక పెడతాం, స్వరాన్ని నిర్ణయించేది మెట్టు. ఇక్కడ నిర్ణయించేది కడ్డీయే, కాబట్టి కడ్డీ నడిమధ్య సరిగ్గా గీత మీద ఉండాలి. ఇంకోటి, పక్క నుంచి వంగి చూస్తే గీత ఒక చోట ఉన్నట్టు కళ్ళు మోసం చేస్తాయి, తల కడ్డీకి నేరుగా పైన ఉంచి చూడు. కొన్నాళ్ళకి చూడ్డం మానేసి వింటావు, అప్పుడు కళ్ళు ఊరికే తోడు వస్తాయి.

ఆ గజగజ కడ్డీకి వెనక వైపు, అంటే మెడ చివరి వైపు, తీగ భాగం కూడా మోగడం వల్ల. కడ్డీని బొటనవేలూ చూపుడు వేలూ మధ్యవేలితో పట్టుకుని, మిగిలిన రెండు వేళ్ళూ వెనక తీగల మీద మెత్తగా పరిచి ఈడ్చుకెళ్ళు. నొక్కకు, ఆనించు. కుడి అరచేయి అంచుతో వద్దన్న తీగల్ని ఆపడం కూడా నేర్చుకోవాలి. ల్యాప్ స్టీల్‌లో సగం పని మోగించడం, ఆ సగానికి పైన ఇంకో సగం మోగకుండా ఆపడం 😄 లెక్క తప్పింది గానీ అర్థమైంది కదా.

చివరగా వణుకు. మామూలు గిటార్‌లో తీగని వంచి వణికిస్తే స్వరం పైకి మాత్రమే పోయి వస్తుంది. కడ్డీతో అయితే గీతకి అటూ ఇటూ రెండు వైపులా ఊగుతుంది, గొంతు ఊగినట్టే. లిండ్లీ స్లయిడ్ మనిషి పాడినట్టు ఎందుకుంటుందని అడిగితే నా జవాబు ఇదే. ఆయన తొందరపడి ఊపడు, ముందు స్వరాన్ని నిటారుగా నిలబెడతాడు, అది కుదురుకున్నాక మెల్లగా ఊపుతాడు. శ్రుతి కుదరక వణికించేవాడికీ కుదిరాక వణికించేవాడికీ తేడా ఒక్క స్వరంలో తెలిసిపోతుంది.

టోన్_పిచ్చి:
ఈ పోస్టు పిన్ చేయండి ఎవరైనా

పాత_క్యాసెట్:
లిండ్లీకి ల్యాప్ స్టీల్ మీద ఆశ పుట్టించింది ఫ్రెడ్డీ రూలెట్ అనే బ్లూస్ వాద్యగాడు. హవాయి స్టీల్ పట్టుకుని చికాగో బ్లూస్ వాయించిన మనిషి, బ్లూస్ గిటారిస్టు ఎర్ల్ హుకర్ పక్కన ఉండేవాడు. దొరికితే వినండి, లిండ్లీలో ఆ మొరటు భాగం ఎక్కడిదో తెలుస్తుంది.

రాత్రి_రేడియో:
ఇది తెలీదు నాకు, ఇవాళే వింటా. నేనింకోటి చెప్పాలి, వైసెన్‌బోర్న్. 1920లలో లాస్ ఏంజెలెస్‌లో హెర్మన్ వైసెన్‌బోర్న్ అనే ఆయన ఒళ్ళో వాయించే చెక్క గిటార్లు చేసేవాడు, హవాయిలో దొరికే కోవా చెక్కతో, విశేషమేంటంటే మెడ కూడా లోపల డొల్లే, గాలి పొట్ట నుంచి మెడ చివరిదాకా ఆడుతుంది. ఎలక్ట్రిక్ వచ్చాక వాటిని అందరూ అటకెక్కించారు. మళ్ళీ జనం చెవిన పడేట్టు చేసినవాళ్ళలో లిండ్లీ ముందుంటాడు. గాయకుడు బెన్ హార్పర్ తాతగారి కుటుంబానికి క్లేర్‌మాంట్‌లో వాయిద్యాల షాపు, లిండ్లీ అక్కడికి వస్తూ పోతూ ఉండేవాడు, ఆ పిల్లాడు పెద్దయ్యాక వైసెన్‌బోర్న్‌తోనే పేరు తెచ్చుకున్నాడు.

గిటారిస్టు హెన్రీ కైజర్‌తో కలిసి మడగాస్కర్ వెళ్ళి అక్కడివాళ్ళతో వాయించిన రికార్డు కూడా వినాలి, "ఎ వరల్డ్ ఔట్ ఆఫ్ టైమ్", 1992. అక్కడికెళ్ళి తన గొప్ప చూపించుకోడు, వాళ్ళ పాటలో ఒక మూల కూర్చుంటాడు. మళ్ళీ బాబాయ్ చెప్పిన పక్కవాద్యమే.

స్పీడ్_బ్రేకర్:
సరే. వారం రోజులు విన్నా, అబద్ధం చెప్పను. బాబాయ్ చెప్పినట్టు "రన్నింగ్ ఆన్ ఎంప్టీ"లో ఆయన ఆగిన చోట్లు పేపర్ మీద రాసుకున్నా. రాస్తూ రాస్తూ విసుగొచ్చింది, ఎందుకంటే ప్రతిసారీ నేనైతే ఇక్కడ దూరేవాణ్ణి అనిపించింది, ప్రతిసారీ ఆయన దూరలేదు. అలాగే గాయకుడు వారెన్ జెవాన్ "ప్లే ఇట్ ఆల్ నైట్ లాంగ్" వినండి, 1980ది. అందులో ల్యాప్ స్టీల్ అందంగా లేదు, కావాలనే లేదు, పాటలో ఉన్న కుళ్ళంతా ఆ తీగల్లోంచే కారుతున్నట్టుంటుంది. అదే వాయిద్యం, అదే మనిషి, బ్రౌన్ దగ్గర ఓదార్పు, ఇక్కడ వెటకారం. అన్నీ వచ్చినవాడికి ఏదీ పూర్తిగా రాదన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

రెగ్గే మాత్రం ఇప్పటికీ నచ్చలేదు.

బేస్_బాబాయ్:
రెగ్గే వదిలేయ్, వెనక్కి తీసుకున్నావు, అదే చాలు 😄 అన్నట్టు గిటారిస్టు రై కూడర్ చేసిన "ప్యారిస్, టెక్సాస్" సినిమా సంగీతం విన్నావా? అందరూ కూడర్ స్లయిడ్ గురించే మాట్లాడతారు, అందులో లిండ్లీ కూడా ఉన్నాడు. ఎక్కడున్నాడో పట్టుకో చూద్దాం.

కొత్త_వేళ్ళు:
ఓపెన్ డి పెట్టా. తెగలేదు. రెండు వేళ్ళు వెనక పరిస్తే గజగజ చాలావరకు పోయింది. నిన్న సాయంత్రం "దీస్ డేస్" పెట్టుకుని దాని మీద వాయిద్దామని కూర్చున్నా, రాలేదు, అసలు దగ్గరికి కూడా రాలేదు, కానీ మధ్యలో ఒక్క స్వరం మాత్రం, మొదటి తీగ మీద, కింద నుంచి జారి వచ్చి సరిగ్గా గీత మీద ఆగింది, ఊపకుండా అలాగే ఉంచా. ఎంతసేపు మోగిందంటే పక్క గదిలోంచి మా అక్క వచ్చి "ఎవరు పాడుతున్నారు" అని అడిగింది.

మెట్లులేనివీణ గారూ, రెండో స్వరం ఎలా

మెట్లులేనివీణ:
తొందరేం లేదు. ఆ ఒక్కటే ఇంకో వారం వాయించు.